మీటేవాళ్ళ సలహాతో పేగు తీగలు కొనకండి

బేతోవెన్ ఐదో సింఫనీ మూడో భాగం మధ్యలో ట్రియో అనే ఒక ముక్క వస్తుంది. అక్కడ ముందుగా చెల్లోలూ, వయొలిన్ ఆకారంలో మనిషంత ఎత్తుండే డబుల్ బేస్‌లూ మాత్రమే పరుగందుకుంటాయి. తక్కిన ఆర్కెస్ట్రా అంతా కాసేపు చేతులు కట్టుకుని వింటూంటుంది. మూడేళ్ళ కిందట ఒక మంగళవారం రిహార్సల్లో ఆ చోటుకొచ్చేసరికి మా కండక్టర్ చెయ్యి దించేసి, "బేస్‌లు ఏమైపోయాయి?" అన్నాడు. ఉన్నది ఇద్దరమే. పక్కావిడ ఉక్కు తీగల మీద వాయిస్తోంది, ఆవిడ వినిపిస్తూనే ఉంది. ఏమైపోయిందో తెలియనిది నేనే. కమాను కదులుతోంది, ఎడమచేతి వేళ్ళు పడాల్సిన చోటే పడుతున్నాయి, స్వరం మాత్రం నేను తర్వాతి స్వరానికి వెళ్ళిపోయాక తీరిగ్గా వస్తోంది.

నా బేస్‌కి పేగు తీగలు వేయించి అప్పటికి ఆరు వారాలు. ఇంట్లో వాటి ధర సగమే చెప్పాను. ఏ కంపెనీవో ఇక్కడ చెప్పను, ఎందుకంటే తప్పు కంపెనీది కాదు. అవి మంచి తీగలే. మీటడానికి చేసినవాటిని కమానుతో వాయించడానికి కొన్నాను, అదీ సంగతి. నేను సలహా అడిగిన నలుగురిలో ముగ్గురు జాజ్ వాయించేవాళ్ళు. వాళ్ళు కమాను పట్టేది ఏడాదికోసారి, అదీ పాట చివర్లో ఒక్క పొడుగు స్వరానికి. "లావుగా తీసుకో, ఎంత లావుంటే అంత నాదం" అన్నారు. మీటేవాళ్ళకి ఆ మాట చాలావరకు నిజమే. కమానుతో వాయించేవాళ్ళకి అది దాదాపు తలకిందులు. ఈ ఒక్క ముక్క నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే కొన్ని వందల డాలర్లూ, కొంత పరువూ మిగిలేవి.

మాది గుంటూరు జిల్లా. చిన్నప్పుడు ఐదేళ్ళు కర్ణాటక వయొలిన్ నేర్చుకుని, ఇంజనీరింగ్ ఎంట్రన్సు పుణ్యమా అని వదిలేశాను. మినియాపొలిస్‌లో ఉద్యోగం, పిల్లలు, మంచు అన్నీ అలవాటయ్యాక, 34వ ఏట ఇక్కడి ఒక కమ్యూనిటీ ఆర్కెస్ట్రాలో చేరదామని వెళ్ళాను. "వయొలిన్లు కావలసినంత మంది ఉన్నారు, బేస్ నేర్చుకుంటావా?" అన్నారు. నాకంటే పొడుగైన వాయిద్యం. చూడగానే భయమూ ప్రేమా కలిసి పుట్టాయి.

తెలియనివాళ్ళ కోసం: గట్ అంటే పేగు. గొర్రె చిన్నపేగును కడిగి, గీకి, సన్నటి పేలికలుగా చీల్చి, తడిగా ఉండగానే చాలా పోగులు కలిపి పురిపెట్టి, లాగి కట్టి ఆరబెట్టి, నున్నగా రుద్దితే తీగ తయారవుతుంది. పశువుల పేగు వాడేవాళ్ళూ ఉన్నారు. ఇంగ్లీషులో దీన్ని క్యాట్‌గట్ అంటారు గానీ పిల్లికీ దీనికీ సంబంధం లేదు. మన సారంగి మీద కమాను ఆడే మూడు ముఖ్యమైన తీగలూ పేగువే. ఈ వివరాలన్నీ ఉత్సాహంగా అమ్మకు ఫోన్లో చెప్పినందుకు ఇప్పటికీ విచారిస్తున్నాను.

"గొర్రె పేగులా? ఇంట్లోనే పెట్టావా? దేవుడి గది పక్కనేనా?"

"మృదంగానికి తోలు ఉండదా అమ్మా?"

"అది మృదంగం" అంది. ఆ తర్కం ముందు నేనెప్పుడూ నిలబడలేదు.

డబుల్ బేస్‌కి అందరూ ఉక్కు తీగలు వేసుకునే రోజుల్లో పేగు ఎందుకు అంటే, శబ్దం కోసం. 1950ల దాకా జాజ్ వాళ్ళవైనా సింఫనీ వాళ్ళవైనా బేస్ మీద ఉండేవి ఎక్కువగా పేగు తీగలే. ఆ తర్వాత ఉక్కు వచ్చి, రెండు దశాబ్దాలు తిరిగేసరికి పేగును దాదాపు తుడిచిపెట్టేసింది. వియన్నాలోని థోమాస్టిక్ కంపెనీ స్పైరోకోర్ లాంటి తీగలు ఏళ్ళ తరబడి శ్రుతి తప్పవు, తెగవు, వానకీ ఎండకీ చలించవు. నేనూ వాటి మీదే నేర్చుకున్నాను. అయితే ఒకసారి పాత వాయిద్యాలతో పాత పద్ధతిలో వాయించే బృందం కచేరీకి వెళ్ళాను. 1953లో చెల్లో వాయించే హార్నోన్‌కోర్ట్ వియన్నాలో కాన్సెంటస్ మ్యూజికుస్ అనే బృందం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ ఇలాంటి బృందాలు చాలా వచ్చాయి. వాళ్ళ బేస్ వింటే నాకు తోచింది ఇది: ఉక్కు తీగ మీద స్వరం అచ్చుతో మొదలవుతుంది, పేగు తీగ మీద హల్లుతో. మొదటిది "ఊఁ..." అంటుంది. రెండోది "దూఁ" అంటుంది, అని ఊరుకుంటుంది. ఉక్కు స్వరం మోగుతూ తర్వాతి స్వరం మీదికి పారిపోతుంది. పేగు స్వరానికి మొదలూ చివరా తెలుస్తాయి, మాట్లాడినట్టు ఉంటుంది.

పైగా ఆ శబ్దం నాకు పాత చుట్టం. మా ఊరికి సంక్రాంతి ముందు దూదేకేవాళ్ళు వచ్చేవారు. పాత పరుపుల్లో గట్టిపడ్డ పత్తిని అరుగు మీద కుప్పపోసి, నిలువెత్తు వింటిని దాని మీద వేలాడదీసి, చెక్క గూటంతో నారిని కొట్టేవారు. "ఝుంయ్... ఝుంయ్" మని వీధి చివరిదాకా వినబడేది. పత్తి పొగమంచులా లేచేది. ఆ నారి మేక నరం అని మా నాయనమ్మ చెప్పేది. ఒకసారి ముట్టుకుని చూశాను, ఎండిన బెరడులా గరుగ్గా ఉంది. పాతికేళ్ళ తర్వాత అమెరికాలో తీగలు కొనడానికి కూర్చున్నప్పుడు నా చెవిలో ఉన్నది ఆ ఝుంయ్ శబ్దమే. జాజ్ వాళ్ళు "లావుగా తీసుకో" అనగానే అందుకే అంత సులువుగా తలూపాను. నేను గమనించనిది ఒకటే. దూదేకే నారిని కొడతారు, దాని మీద కమాను లాగరు.

తేడా ఎక్కడ వస్తుందో చూడండి. మీటేటప్పుడు తీగను పక్కకి లాగి వదిలేస్తాం. ఎంత బరువైన తీగను లాగితే అంత శక్తి లోపల చేరుతుంది, వదిలాక దాని పని అది చూసుకుంటుంది. కమాను అలా వదిలెయ్యదు. రోజిన్ (గట్టిపడ్డ చెట్టు బంక) రాసిన గుర్రపు వెంట్రుకలు తీగను పట్టుకుని కొంత దూరం మోసుకెళ్తాయి, తీగ జారి వెనక్కి వస్తుంది, మళ్ళీ పట్టుకుంటాయి. బేస్‌కి నాలుగు తీగలు, మంద్రం నుంచి పైకి ఇ, ఎ, డి, జి. ఎ తీగ మీదైతే ఈ పట్టూ విడుపూ సెకనుకు 55 సార్లు. కమాను కింద తీగ మన కంటికి గుమ్మటంలా ఉబ్బినట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి అది రెండు తిన్నని గీతలు కలిసే ఒక మూల, ఆ మూల తీగ పొడుగునా అటూ ఇటూ పరుగెడుతూ ఉంటుందని 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కనిపెట్టాడు. ఆ మూల ఎంత పదునుగా ఉంటే స్వరం అంత స్పష్టం. తీగ లావై మొండిగా ఉంటే మూల తిరగదు, గుండ్రబడిపోతుంది. పట్టూ విడుపూ లయలో పడటానికి మరికొన్ని చుట్లు (ఒక పట్టూ ఒక విడుపూ కలిపి ఒక చుట్టు) ఎక్కువ పడతాయి.

ఆ కొన్ని చుట్లే నా కొంప ముంచాయి. 55 హెర్ట్జ్ దగ్గర ఒక్క చుట్టుకి 18 మిల్లీసెకన్లు. తీగ కుదురుకోవడానికి ఐదారు చుట్లు పట్టిందనుకోండి, సెకనులో పదో వంతు పోయింది. ఇప్పుడు బేతోవెన్ ట్రియోకి రండి. ఆ భాగానికి ఆయన ఇచ్చిన వేగం నిమిషానికి 96 బార్లు (మన తాళంలో ఆవర్తాల లాంటివి). బారుకి ఆరు ఎయిత్ నోట్లు. లెక్క వేస్తే ఒక్కో నోటు నిలిచేది 0.104 సెకన్లు. అంటే నా లావు ఎ తీగ గొంతు సవరించుకునే లోపు ఆ స్వరం ఆయుష్షు తీరిపోతోంది. కండక్టర్లు మామూలుగా అంత వేగంగా తీసుకోరు, మావాడూ తీసుకోలేదు, అయినా నాకు మిగిలింది చాలా తక్కువే.

నేను వేయించిన సెట్‌లో జి తీగ 2.4 మిల్లీమీటర్లు, డి తీగ 3.2, ఎ తీగ లోహం చుట్టని ఒట్టి పేగు, 4 మిల్లీమీటర్లు. ఇ తీగకి మాత్రం రాగి చుట్టి ఉంది. ఇవి ఎందుకు తప్పో చెప్పడానికి హైస్కూలు ఫిజిక్సు చాలు. తీగ పొడుగు, మందం, సాంద్రత, శ్రుతి తెలిస్తే టెన్షన్, అంటే తీగ బిగువు, లెక్కకి వచ్చేస్తుంది. నా బేస్ మీద తీగ ఊగే మేర, అంటే కింద తీగల్ని ఎత్తిపట్టే బ్రిడ్జ్ నుంచి మెడ పైచివర నట్ దాకా, 105 సెంటీమీటర్లు. పేగు సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.3 గ్రాములు. జి తీగ 98 హెర్ట్జ్. 2.1 మిల్లీమీటర్ల తీగైతే సుమారు 19 కిలోల టెన్షన్ వస్తుంది. 2.4 అయితే 25 కిలోలు. గోరు మందం తేడాకి ఆరు కిలోలు! మందం వర్గం మీద లెక్క నడుస్తుంది కాబట్టి ఇంతే. తీగలు కొనేవాళ్ళు కంపెనీల పేర్ల మీద గంటలు వాదించుకుంటారు, ఈ పదో వంతు మిల్లీమీటర్ల సంగతి ఎవరూ అడగరు. నన్నడిగితే కంపెనీ కంటే ముందు చూడాల్సింది ఇదే. 2.1 తీగను ఏ మంచి కంపెనీ చేసినా కమానుకి పలుకుతుంది. 2.4 తీగను స్వయంగా విశ్వకర్మే పురిపెట్టి ఇచ్చినా నా కమానుకి పలకదు.

ఇదే లెక్కను కింది తీగలకి సాగదీస్తే ఇంకో నిజం బయటపడుతుంది. అదే 19 కిలోల దగ్గర నాలుగు తీగలూ ఉండాలంటే, డి 2.8 మిల్లీమీటర్లు, ఎ 3.7, ఇ ఏకంగా 5 మిల్లీమీటర్లు ఉండాలి. మామూలు పెన్సిల్ కంటే కాస్త సన్నం, అంతే. దాన్ని కమానుతో పలికించమంటే మోకుతో మాట్లాడమన్నట్టే. 1660ల నాటికే పేగు మీద సన్నని లోహపు తీగ చుట్టడం మొదలైంది అందుకే. రాగి సాంద్రత పేగుకి దాదాపు 7 రెట్లు. బరువంతా పైన చుట్టిన లోహం ఇస్తుంది, లోపలి పేగు సన్నగా, మెత్తగా వంగుతూ ఉంటుంది. 19వ శతాబ్దంలో ఇటలీలోనూ ఇంగ్లండులోనూ చాలామంది మూడు తీగల బేస్‌లే వాయించారు. బొటెసీని సంగతే తీసుకోండి. 1871లో కైరోలో వెర్డీ ఒపెరా 'అయీదా' మొదటి ప్రదర్శనను నడిపించిన కండక్టర్ ఆయనే, కానీ అంతకుముందే డబుల్ బేస్ మీద యూరప్‌ని ఊపేసినవాడు. టెస్టోరే చేసిన ఆయన బేస్ మీద ఉన్నవి మూడే. లావు ఇ తీగ పెట్టే తిప్పలు ఎందుకని వదిలేశారేమో అని నా అనుమానం. తీగ పలకనప్పుడు అసలు తీగే లేకుండా చూసుకోవడం కూడా ఒక పరిష్కారమే కదా.

కాబట్టి రెండోసారి కొన్నప్పుడు నేను కింది నుంచి మొదలుపెట్టాను. అందరూ జి తీగతో మొదలుపెడతారు. సోలోలు దాని మీదే కాబట్టి దాని అందం ముందు కనిపిస్తుంది. ఆర్కెస్ట్రాలో బేస్ వాయించేవాళ్ళకి జీతం ఇచ్చేది మాత్రం కింది రెండు తీగలు (మాకు జీతం లేదనుకోండి, మాట వరసకి). ఇ, ఎ తీగలకి లోహం చుట్టిన పేగే తీసుకోవాలి, ఇందులో నేను బేరాలకి రాను. "అసలు సిసలు పేగు" అన్న పట్టుదలతో ఎ తీగ కూడా ఒట్టి పేగే వేసుకుంటానంటే వేసుకోండి, చుట్టినవి దొరికే కాలంలో చేసే ఉపవాసం అది. దొరకని ఊళ్ళో ఉన్నామా అంటే, లేము. జర్మనీలో 1798 నుంచీ ఉన్న పిరాస్ట్రో కంపెనీ యుడోక్సా, ఒలివ్ పేర్లతో పేగు మీద లోహం చుట్టిన తీగలు అమ్ముతోంది. పాత పద్ధతిలో చేసేవాళ్ళు కావాలంటే ఇటలీలో అక్విలా ఉంది, మా మినెసోటాలోనే డులూత్‌లో గామట్ ఉంది. మందం మనమే చెప్పి చేయించుకోవచ్చు కూడా.

చుట్టిన పేగుకి ఒక జబ్బుంది, అది కూడా చెప్పకపోతే మోసం చేసినట్టే. ఇక్కడ జనవరిలో బయట మైనస్ 20, లోపల రాత్రింబగళ్ళు హీటరు. గదిలో తేమ 20 శాతానికి పడిపోతుంది. లోపలి పేగు ఎండి కుంచించుకుంటే పైన చుట్టిన లోహం వదులై గలగలమంటుంది. మొదటి చలికాలం నా ఇ తీగ కింద ఎవరో చిల్లర నాణేలు పోసినట్టు మోత. బేస్‌కి అతుకు ఊడిందనుకున్నాను, ఎందుకంటే చలికాలంలో అదీ జరుగుతుంది. రిపేరు చేసే పెద్దాయన దగ్గరికి ఆ మంచులో, వ్యాన్‌లో, పసిపిల్లని తీసుకెళ్ళినట్టు దుప్పట్లు చుట్టి తీసుకెళ్ళాను. ఆయన వేలి కణుపుతో చుట్టూ తట్టి చూసి, "చెక్క బాగానే ఉంది, నీ తీగకి దాహం వేస్తోంది" అన్నాడు. గదిలో హ్యుమిడిఫయర్ పెట్టి 40 శాతం దగ్గర నిలబెట్టాక వారంలో మోత తగ్గింది. నా పిల్లల గదిలో హ్యుమిడిఫయర్ లేదు. మా ఆయన ఈ విషయాన్ని అతిథులకి చెప్తూంటాడు.

జి తీగ మాత్రం ఒట్టి పేగే ఉండాలి, 2.1 దగ్గర, పైన పల్చగా వార్నిష్ పూసింది. మీటేవాళ్ళు వార్నిష్ వద్దంటారు, వేలికి జిగురుగా తగులుతుందని. కమానుకి అదే మేలు. రోజిన్ పొడి పేగు పోగుల్లోకి దిగకుండా ఆపుతుంది, చెమటనీ కొంత ఆపుతుంది. అయినా నాలుగైదు నెలలకి వేళ్ళు ఆడే చోట పోగులు లేస్తాయి, బియ్యం సంచీకి పీచు లేచినట్టు. పీకకండి, పీకితే పొడుగునా చీరుకుపోతుంది. గోళ్ళు కత్తిరించే కట్టర్‌తో మొదలంటా కత్తిరించి, ఒక చుక్క నూనె రాసి తుడిస్తే మరికొన్నాళ్ళు వస్తుంది. నూనె కమాను ఆడే చోటికి పాకకుండా చూసుకోండి, పాకితే ఆ జానెడు మేరా కమాను సబ్బు మీద జారినట్టు జారుతుంది. రోజిన్ కూడా మారుతుంది. ఉక్కు తీగలకి వాడే బంకలాంటి మెత్తటి రోజిన్ పేగు మీద పేరుకుని స్వరం పీక నొక్కేస్తుంది. కాస్త గట్టిది, కాస్త తక్కువ.

చెయ్యి కూడా మారాలి. ఉక్కు తీగ ఒక్కోటీ దాదాపు 28, 30 కిలోల మీద ఉంటుంది, దాన్ని నొక్కి పలికించడం అలవాటైపోతుంది. 19 కిలోల పేగును అలా నొక్కితే కప్పలా అరుస్తుంది. కమాను బరువు చాలు, పక్కకి లాగడమే పని. ఐదేళ్ళు వయొలిన్ నేర్పిన మా మాస్టారు "నొక్కకమ్మా, లాగు" అని నెత్తీ నోరూ బాదుకున్నది ఇప్పటికి బోధపడింది. వాయిద్యానికి కూడా పని పడుతుంది: సన్నటి ఉక్కుకి కోసిన నట్ గాళ్ళలో లావు పేగు దిగదు, వెడల్పు చెయ్యాలి. పేగు ఎక్కువ మేర ఊగుతుంది కాబట్టి బ్రిడ్జ్ ఎత్తాలి, లేకపోతే ఫింగర్‌బోర్డ్‌కి కొట్టుకుంటుంది. కొత్త తీగ రెండు వారాల దాకా సాగుతూనే ఉంటుంది. కచేరీకి ముందు వారం మార్చారో, టెన్షన్ తీగకి కాదు మీకు.

ఇక డి తీగ. దీని దగ్గరే నాకు నాతో తగువు. ఒట్టి పేగు 2.8 మిల్లీమీటర్లు అంటే పలుకుతుంది, కాస్త మొరాయిస్తూ. జి నుంచి డికి దిగినప్పుడు గొంతు మారదు, అదొక సుఖం. కానీ డి నుంచి చుట్టిన ఎకి దిగగానే ఇంకెవరో అందుకున్నట్టుంటుంది. చుట్టిన డి వేస్తే ఆ గతుకు జికీ డికీ మధ్యకి జరుగుతుంది, అంతే, పోదు. ఎక్కడో ఒకచోట భరించాల్సిందే. మా సింఫనీ ఆర్కెస్ట్రాలో, 440 శ్రుతిలో (మధ్య ఎ స్వరం 440 హెర్ట్జ్), బ్రామ్స్ లాంటివి వాయించేటప్పుడు చుట్టిన డి నాకు ఎక్కువ నచ్చుతుంది, పొడుగు స్వరాలు తెగకుండా వస్తాయి. పక్కావిడ ఉక్కు శబ్దంతోనూ కలుస్తుంది. ఆవిడ ఇప్పటికీ ఉక్కే. "నువ్వు తీగలకి తాగించే నీళ్ళతో నేను తోట పెంచుతాను" అంటుంది.

ఇప్పుడు కొత్త చిక్కొచ్చింది. మార్చి నుంచి ఒక చిన్న బరోక్ (బాఖ్ కాలపు సంగీతం) బృందంలో కూడా వాయించమన్నారు. వాళ్ళది 415 శ్రుతి, అర స్వరం కిందికి. అవే తీగలు అలాగే దించితే టెన్షన్ 11 శాతం పడిపోతుంది, నా జి 17 కిలోలకి వచ్చి తాడులా వేలాడుతుంది. అదే బిగువు కావాలంటే ప్రతి తీగా 6 శాతం లావు కావాలి: జి 2.2, డి 3 మిల్లీమీటర్లకి ఒక పిసరు తక్కువ. ఇన్నాళ్ళూ లావు వద్దు లావు వద్దు అని ఊదరగొట్టిన నేనే ఇప్పుడు లావు తీగకి ఆర్డర్ రాస్తున్నాను. మొదటి సెట్‌లోని 3.2 డి తీగ చుట్ట ఇంకా అల్మారాలోనే ఉంది, నిన్న రాత్రి తీసి కాలిపర్‌తో కొలిచాను. వాడకానికి అరిగి 3.1 చూపించింది. ఇంకాస్త అరిగిస్తే సరిపోతుందా అని ఒక్క క్షణం అనిపించింది, చుట్ట మళ్ళీ అల్మారాలో పెట్టేసి 2.96 అని రాసి పంపించాను. వార్నిష్‌తో.